పజోరు ఇవ్వలేని జీపు

ముత్యాలమ్మ సంచి సర్దుతోంది. సర్దుతోందన్న మాటే గాని, పెట్టింది తీస్తోంది, తీసింది మళ్ళీ పెడుతోంది. రెండు చీరలు, జాకెట్లు, తువ్వాలు, దువ్వెన, కొబ్బరినూనె సీసా. సీసా కారుతుందేమోనని మూతకి ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరుబేండు వేసింది. అంబలి కాచుకోడానికి చోడిపిండి మూట అడుగుకి తోసింది. రెక్సిన్ సంచికి జిప్పు ఎప్పుడో పాడైపోయింది కాబట్టి పాత చీర అంచు చింపి తాడులా పేని, సంచి నడుముకి చుట్టి ముడి వేసింది. ముడి వేశాక సబ్బుబిళ్ళ పెట్టలేదని గుర్తొచ్చి మళ్ళీ విప్పింది.

"అమ్మా, అలాగ కట్టీసి ఇప్పీసి ఉంటే ఆ తాడు విశాపట్నం దాకా రాదే," అంది బుద్రి, అద్దం ముందు జడ వేసుకుంటూ.

"రాకపోతే మానీ. నువ్వూ మానీ."

"అదిగో, మల్లా మొదలెట్టీసినావు."

బుద్రికి నర్సు ట్రైనింగులో సీటొచ్చింది. మధ్యాహ్నం బస్సుకి విశాఖపట్నం వెళ్ళాలి. ఇన్నాళ్ళూ పాడేరు బస్టాండు ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లో కూర్చునేది. ముత్యాలమ్మ ఆ బూత్ పక్కనే గోనె పరుచుకుని కాలాన్నిబట్టి పనసకాయలో చింతపండో అమ్మేది. ఇద్దరూ బస్టాండు వెనక ఒక రేకులగది అద్దెకి తీసుకుని ఉంటున్నారు. కొండ మీద పనసపుట్టులో సొంత ఇల్లుంది, మెట్ట పొలముంది, కొన్ని కాఫీ మొక్కలున్నాయి. అన్నీ వదులుకుని ఈ రేకుల కింద ఎందుకు ఉడికిపోతున్నావని ఎవరైనా అడిగితే ముత్యాలమ్మ గోనె మీది సరుకు సర్దుకుంటుంది. ఆమె చూపు మాత్రం వచ్చే ప్రతి జీపులోకీ పోతుంది. ముందు డ్రైవరు మొహం, ఆ తరవాత వెనక కూర్చున్న వాళ్ళ మొహాలు, ఆఖరికి టాపు మీద వేలాడే కాళ్ళు.

కిందటి చలికాలం ఆమె మొగుడు సుక్రు సంతకొచ్చి, ఎండుచేపలు కొని, కూతురికిష్టమని పకోడీ పొట్లం కట్టించుకుని, ఊరికి వెళ్ళడానికి జీపెక్కాడు. ఎక్కడం చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు. దిగడం చూసినవాడు ఒక్కడూ లేడు. పోలీసులు లోయలు వెదికారు. జీపుల యూనియనువాళ్ళు తమ బళ్ళన్నీ వరసగా నిలబెట్టి లెక్క చూసుకున్నారు. ఏ బండీ తగ్గలేదు. సుక్రు తరవాత సెలవులకి ఇంటికి బయల్దేరిన ఆశ్రమ పాఠశాల పిల్ల హేమలత పోయింది. కాఫీ తోట మేస్త్రీ పోయాడు. బాలింత ఒకామె ఆస్పత్రి నుంచి వస్తూ బిడ్డతో సహా పోయింది.

ఆ బండిని బుద్రి బూత్ అద్దంలోంచి చూసింది. చూడ్డానికి అన్ని జీపుల్లాంటిదే. ఆకుపచ్చ రంగు, టార్పాలిన్ టాపు, ముందు వేలాడదీసిన నిమ్మకాయ, మిరపకాయలు. కాని తక్కిన జీపులు కదిలితే దుమ్ము లేస్తుంది. దీని చక్రాల కింద లేవదు. డ్రైవరు మొహం చూస్తున్నంతసేపూ కనబడుతుంది. తల తిప్పితే ఎలా ఉందో గుర్తుండదు. ఇంకొక్కరు, ఇంకొక్కరు అని పిలుస్తాడు. ఆ పిలుపు ఎవరికి వాళ్ళకి సొంతవాళ్ళ గొంతులా వినిపిస్తుంది.

"బస్సే ఎక్కు. గవర్నమెంటు బస్సు. జీపు ఎక్కకు."

"తెలుసమ్మా."

"దారి తెలుసనే మీ అయ్యా అన్నాడు."

ముత్యాలమ్మ మళ్ళీ ముడి వేసింది. ఆమె భయానికి ఇంకో కారణం కూడా ఉంది. బుద్రి చిన్నప్పుడు, ఇంకా బడికి కూడా వెళ్ళని వయసులో, పనసపుట్టు పైన నరికిన దుంగ ఒకటి పట్టు తప్పి మేకల మీదకి దొర్లింది. అక్కడున్నది ఈ పిల్లొక్కతే. బుగ్గలు పూరించి, ఊపిరి బిగబట్టి దుంగ కేసి గుడ్లప్పగించి చూసింది. ఏటవాలులో, గాలిలో చెయ్యడ్డం పెట్టినట్టు దుంగ ఆగిపోయింది. మేకలు తప్పుకున్నాయి. పిల్ల ఊపిరి వదిలింది, దుంగ దొర్లుకుంటూ పోయింది. పిల్ల ముక్కులోంచి రక్తం కారింది. ముత్యాలమ్మ పరుగెత్తుకెళ్ళి ముందు చెంప మీద ఒకటి కొట్టి, తరవాత గుండెకి హత్తుకుంది. ముహూర్తాలు చూసే దిసారి దగ్గరకి తీసుకెళితే, ఇది ఎక్కడా నేర్చుకునేది కాదని, ఎంత బరువు ఆపితే అంత ఊపిరి ఖర్చని చెప్పాడు. అప్పటి నుంచి ఆ పని చెయ్యనని కూతురి చేత ఎన్నిసార్లు ఒట్టు వేయించుకుందో.

"ఇయాల గెడల దగ్గర భలే సందడిగా ఉంటాది కదమ్మా," అంది బుద్రి కిటికీ దగ్గరకి వెళ్ళి.

ఇటికెల పండగ మూడో రోజది. మగవాళ్ళు వేటకని కొండలెక్కారు. ఆడవాళ్ళు ఎక్కడికక్కడ రోడ్డుకి అడ్డంగా వెదురు గెడ పట్టి, వచ్చిన ప్రతి బండినీ ఆపుతారు. పజోరు ఇస్తేనే గెడ ఎత్తుతారు. డబ్బే ఇవ్వాలని లేదు. అరటిపండైనా, బీడీకట్టైనా, చేతిలో ఉన్న ఏదైనా సరే ఇవ్వాలి. ఒక ఊరి గెడ దగ్గర ఇచ్చింది ఇంకో ఊరికి చెల్లదు. పైకెళ్ళేటప్పుడు ఇచ్చినవాడు కిందికి దిగేటప్పుడు మళ్ళీ ఇచ్చుకోవలసిందే. కలెక్టరు వచ్చినా ఆ రోజుల్లో ఆ గెడ ముందు ఆగుతాడు. సొంత ఊరి మనిషి వస్తే మాత్రం ఏమీ తీసుకోకుండా గెడ ఎత్తేస్తారు. మన ఇంటిది మనమే ఎలా పుచ్చుకుంటాం?

ఒక ఏడు బడి సెలవులకి బుద్రి బస్సు దిగి, పెద్ద మనిషిలా పనసపుట్టు గెడ ముందు నిలబడి, జేబులోంచి పిప్పరమెంటు తీసి తల్లికి ఇచ్చింది. "ఓసి నీ ఇల్లు బంగారం గాను! నాది నాకే ఇచ్చి దారడుగుతావేటే?" అని ముత్యాలమ్మ నవ్వితే ఆడవాళ్ళందరూ పడి పడి నవ్వారు. ఆ సంగతి తలుచుకుని ముత్యాలమ్మ మొహంలో ఇప్పుడు కూడా నవ్వు రాబోయింది.

అప్పుడు బయట నుంచి పిలుపు వినబడింది.

"ముత్తేలూ! ఎంతసేపే? బేగి రా."

సుక్రు గొంతు. చుట్ట కాల్చి కాల్చి గరగరలాడే అదే గొంతు. ఊరు మొత్తం మీద ఆమెని ముత్తేలూ అని పిలిచేవాడు అతనొక్కడే. ముత్యాలమ్మ చేతిలో తాడు జారిపోయింది. ఆమె లేచింది, గుమ్మం దాటింది. కాళ్ళకి చెప్పులు లేవని కూడా తెలియలేదు. బస్టాండులో, మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఆకుపచ్చ జీపు తలుపు తెరుచుకుని ఉంది.

బుద్రి వెనక నుంచి వచ్చి తల్లి నడుము పట్టేసుకుంది. "అమ్మా! అది అయ్య కాదు."

"పిలుత్తన్నాడే... నన్నే పిలుత్తన్నాడు..."

"అయ్య గొంతు ఏసుకున్నాది. అయ్య సొక్కా తొడుక్కున్నట్టు తొడుక్కున్నాది. నా మొకం సూడు. నన్ను సూడమ్మా!"

ముత్యాలమ్మ కూతురి మొహం చూసింది. జీపు దగ్గర పండక్కి పోయే జనం గుమిగూడి ఉన్నారు. ఒక ముసలాయన అప్పుడే మెట్టు మీద కాలు పెడుతున్నాడు. ఎవరి గొంతు వినిపించిందో, ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి.

బుద్రి ఊపిరి బిగబట్టింది. ఇంజను మోత అలాగే ఉంది, చక్రాలు మాత్రం బిగుసుకుపోయాయి. వెళ్ళి ముసలాయన రెక్క పట్టి లాగి అవతల కూలేసింది. తల్లి దగ్గరకి తిరిగొచ్చి ఊపిరి వదిలి, రొప్పుతూ గబగబా మాట్లాడింది. చూపు మాత్రం జీపు మీద నుంచి తియ్యలేదు.

"నాను సూత్తన్నంతసేపూ అది మాయమవ్వలేదు, రోడ్డు వదల్లేదు. ఊపిరి పడితే ఆగుతాది. పట్టి ఎంతసేపు ఆపగలనమ్మా? కాని ఇయాల గెడలున్నాయి. జోడిగుమ్మి దగ్గరొకటి, రాయిపుట్టు దగ్గరొకటి, ఆఖరికి మనది. నాను మెట్టు మీద నిలబడి ఎల్తాను. పతీ గెడ కాడా ఆపుతాను. పజోరు ఇయ్యకుండా కదల్లేదు. దాని కాడ ఇయ్యడానికి ఏటున్నాది? మింగిన మనుషులే ఉన్నారు."

"ఒద్దే తల్లీ, బస్సొచ్చేత్తాది. నీ సంచి..."

"అమ్మా, అయ్య అందులో ఉన్నాడు!"

ముత్యాలమ్మ జీపు కేసి తిరిగింది.

"నువ్వు అడ్డతోవన పనసపుట్టు ఎల్లిపో. మనోళ్ళు నన్ను సూసి, మన గుంట వచ్చిందని గెడ ఎత్తేత్తారు. ఎత్తనియ్యకు. మన గెడ దాటితే ఘాటు రోడ్డు. ఘాటు దిగితే ఇంక గెడలు నేవు, మైదానమంతా జనమే. ఎవులు సెప్పినా ఎత్తనియ్యకు."

జీపు కదిలింది. బుద్రి పరుగెత్తి మెట్టు మీదకి ఎగిరి, టాపు కమ్మీ పట్టుకుని నిలబడింది. దుమ్ము లేవని ఆ బండి బస్టాండు మలుపు తిరిగి కొండ దారి పట్టింది.

ముత్యాలమ్మ పరుగు మొదలుపెట్టింది. అడ్డతోవ అంటే కట్టెలు మోసే ఆడవాళ్ళు నడిచే కాలిబాట. రోడ్డు పాములా చుట్టుకుంటూ పోతే, ఈ బాట నిట్టనిలువుగా ఎక్కి అక్కడక్కడ రోడ్డుకి పైన తేలుతుంది. రాళ్ళు కాలుతున్నాయి. కిందనించి డప్పుల మోత వినబడుతూంటే ఆగి తొంగి చూసింది.

జోడిగుమ్మి గెడ. కొత్త కోకలు కట్టుకున్న ఆడవాళ్ళు రోడ్డంతా నిండి ఉన్నారు. జీపు గెడకి జానెడు దూరంలో ఆగింది. మెట్టు మీద బుద్రి బుగ్గలు పూరించి, బిగుసుకుపోయి నిలబడి ఉంది. ఆడవాళ్ళకి ఏమీ తెలియదు. బండి చుట్టూ చేరి చప్పట్లు కొడుతూ, పజోరు పజోరు అని పాట అందుకున్నారు. ఒకామె డ్రైవరుకి బుగ్గ మీద పసుపు రాయబోయి, ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకుంది. పాట ఒక్కొక్క గొంతే తగ్గి ఆగిపోయింది.

బండి వెనక టార్పాలిన్ పైకి లేచింది. రెండు జడలు, ఆకుపచ్చ రిబ్బన్లు, భుజాన పుస్తకాల సంచితో ఒక ఆడపిల్ల దిగింది. నిద్రలోంచి లేచినట్టు కళ్ళు నులుముకుంది.

"హేమలత! ఓలమ్మో, మా హేమలతే!"

ఆడవాళ్ళు గెడ అక్కడే పడేసి పిల్ల మీద పడ్డారు. జీపు గెడ మీద నుంచి దాటి పోయింది. మెట్టు మీద బుద్రి వంగి, పెద్దగా ఊపిరి పీలుస్తూ, ముక్కు తుడుచుకుంది. ఆమె తెల్ల జాకెట్టు భుజం మీద ఎర్రటి మరక ఇంత దూరానికి కూడా కనబడింది.

ముత్యాలమ్మ ఏడవలేదు. ఏడిస్తే కాళ్ళు నడవవు. కొంగు బిగించి ఎక్కసాగింది.

రాయిపుట్టు గెడ దగ్గర పెత్తనం అసిరమ్మది. ఆ పక్క ఊళ్ళలో సంతలో ఆమెతో బేరమాడడానికి వర్తకులు భయపడతారు. ముత్యాలమ్మకి వరసకి వదిన. రోడ్డుకి పైనున్న రాతి మీదకి ముత్యాలమ్మ చేరేసరికి జీపు అక్కడికి వచ్చి ఆగి ఉంది. మేస్త్రీ అప్పటికే దిగి తెల్లమొహం వేసుకుని నిలబడ్డాడు. అక్కడ కూడా ఆడవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు గాని, అసిరమ్మ గెడ వదల్లేదు. ఆమె ఒక్క చూపులో బుద్రి మొహమూ, జాకెట్టు మీద రక్తమూ, కింద ఏ నీడా పడని డ్రైవరునీ చూసింది.

"ఇంత బండికి ఒక్క మనిసేటి?" అంది నడుం మీద చెయ్యేసుకుని. "మమ్మల్ని ఏటనుకున్నావు, సంతలో కొత్తగా వచ్చినోళ్ళమనుకున్నావా? ఇంకా దించు."

టార్పాలిన్ కదిలింది. బాలింత దిగింది, చంకలో బిడ్డ ఏడుపు లంకించుకుంది.

"తల్లీ బిడ్డా ఒకటే లెక్క. ఇంకా దించు. ఊరు పెద్దది మాది."

"వదినా, మరి సాలే," అని పక్కామె చెయ్యి పట్టుకుంది.

"నువ్వూరుకోవే. నా బేరం నన్ను ఆడనీ. ఓ డైవరూ! మొకం లేనోడా! లోపల దాసుకున్నది నాకు కనబడతన్నాది. దించు."

చేతిలో పకోడీ పొట్లం, రెండో చేతిలో ఎండుచేపల కట్టతో సుక్రు దిగాడు.

ముత్యాలమ్మ రాతి అంచు దాకా వచ్చి చూసింది. అదే మాసిన పంచె. అదే మెల్లని నడక. ఎండకి చెయ్యడ్డం పెట్టుకుని చుట్టూ చూస్తున్నాడు. బుద్రి తండ్రిని చూసింది. ఆ చూడడంలో ఊపిరి జారిపోయింది. జీపు ముందుకి ఉరికింది. అసిరమ్మ చివరి క్షణంలో గెడ ఎత్తకపోతే వెదురు ఆడవాళ్ళ మీద విరిగిపడేది. బండి కూతురితో సహా మలుపు తిరిగిపోయింది.

ముత్యాలమ్మ వెంటనే పరుగెత్తాలి. ఆ సంగతి ఆమెకి తెలుసు. కాని మొగుడు అక్కడ, పిలిస్తే వినబడేంత దూరంలో నిలబడి ఉన్నాడు. మళ్ళీ ఎటు వెళ్ళిపోతాడో. ఒక్కసారి కళ్ళ ముందు నుంచి తప్పిపోయినవాణ్ణి రెండోసారి వదిలి వెళ్ళడానికి ఆమె ప్రాణం ఒప్పలేదు.

"ఓలయ్యా! ఇలా సూడు! నానే! పైకి రా, రోడ్డట్టుకుని మన గెడ కాడికి రా! వదినా, తీసుకురా, ఒదల్లొద్దు!"

సుక్రు తలెత్తి చూసి చెయ్యి ఊపాడు. సంతనించి ఆలస్యంగా వచ్చినవాడు ఇంట్లో కోపాలుంటాయేమోనని నవ్వినట్టు నవ్వాడు. ఆడవాళ్ళు డప్పులు అందుకుని, దిగినవాళ్ళని మధ్యన పెట్టుకుని, జీపు పోయిన రోడ్డునే పైకి నడవడం మొదలుపెట్టారు. ముత్యాలమ్మ అది చూసి, ధైర్యం తెచ్చుకుని, బాట పట్టి మళ్ళీ పరుగెత్తింది.

పనసపుట్టు చిన్న ఊరు. గెడ దగ్గర ఉన్నది కొద్దిమంది. ముత్యాలమ్మ చెట్ల మధ్యలోంచి రోడ్డు మీదకి పడేసరికి జీపు ఎదర మలుపులో కనబడుతోంది.

"ఓలే, బుద్రే! మన గుంటే వత్తన్నాది! ఎత్తండే గెడ!" అని ఎవరో అరిచారు.

"ఎత్తొద్దు!" ముత్యాలమ్మ ఒక్క ఉదుటున వచ్చి గెడ కొస మీద పడింది. "మీ కాళ్ళు మొక్కుతాను, నాను సెప్పిందాకా ఎత్తొద్దు."

ఆమె చెప్పుల్లేని కాళ్ళూ, రాళ్ళకి కోసుకుపోయిన వేళ్ళూ చూసి వాళ్ళు ఎత్తబోయింది ఆపేశారు. గెడ నడుమెత్తున బిగించి పట్టారు.

జీపు వచ్చి ఆగింది. వెనక టార్పాలిన్ గాలికి కొట్టుకుంటోంది, లోపల ఖాళీ. బుద్రి రెండు చేతులతోనూ కమ్మీ పట్టుకుని ఉంది. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. మెడ మీద నరాలు తాళ్ళలా లేచాయి. ఆమె మాట్లాడలేదు. మాట్లాడితే ఊపిరి పోతుంది, ఊపిరి పోతే బండి కదులుతుంది.

"పజోరు," అంది ముత్యాలమ్మ.

డ్రైవరు ఆమె కేసి తిరిగాడు. సుక్రు గొంతుతోనే మాట్లాడాడు.

"ముత్తేలూ, ఇదిగో పజోరు. నీ గుంటని దించేత్తాను. తీసుకుని ఇంటికి పో. గెడ ఎత్తు."

ఆడవాళ్ళు ముత్యాలమ్మ మొహమే చూస్తున్నారు. ఇది ఆమె పిల్ల. ఆమె ఎలా అంటే అలా. గెడ ఎత్తితే బండి ఖాళీగా పోతుంది. పోతే పోనీ. కింద మైదానంలో ఎవరెవరో ఉంటారు, వాళ్ళ ముఖాలు తనకి తెలియవు. ఇంట్లో మొగుడుంటాడు, కూతురుంటుంది. రేపు ఇంకో బస్సుంటుంది. ముత్యాలమ్మ చేతులు వాటంతటవే లేచాయి. గెడ ఆమె గుండెల దాకా వచ్చింది.

బుద్రి తల అడ్డంగా ఊగింది. చాలా కొద్దిగా. కళ్ళు మాత్రం చిన్నప్పుడు ఇదే గెడ ముందు పిప్పరమెంటు పట్టుకుని నిలబడినప్పటి కళ్ళే.

ముత్యాలమ్మకి ఒక్కసారిగా దారి కనబడింది. ఇది వాడిది కాదు. దీన్ని వాడు పిలవలేదు, ఎక్కించుకోలేదు. ఇది తనంతట తాను ఎక్కింది. వాడిది కానిది వాడు ఎలా ఇస్తాడు? అలాగని ఒప్పించగలిగితే పిల్లా దక్కుతుంది, గెడా నిలుస్తుంది.

ఆమె గెడ దించి నడుముకి ఆన్చుకుంది.

"అది నాది. నాది నాకే ఇచ్చి దారడుగుతావా? నీదేదైనా ఉంటే ఇయ్యి."

డ్రైవరు చేతి వాచీ తీసి చాపాడు.

"అది మా ఆయనది. పట్టీ మీద కుట్టు నాను ఏసిందే."

మెడలో మఫ్లరు తీశాడు. "అది మేస్త్రీది కాదేటి? కిందటేడు తిరనాళ్ళలో కొన్నాడు," అంది వెనకనించి ఒకామె, భయం పోయి నోరు పెగిలి. జేబు తడిమి రిబ్బను ముక్క తీస్తే, "అది బడి గుంటది," అంది ఇంకొకామె. వాడు డాష్‌బోర్డు వెదికాడు, సీటు కింద వెదికాడు. ముట్టుకున్నదల్లా ఎవరిదో ఒకరిది. ఆఖరికి సుక్రు గొంతుతో ఏదో అనబోయాడు.

"ఆ గొంతూ నీది కాదు. పెట్టీ అక్కడ," అంది ముత్యాలమ్మ.

వాడి నోరు తెరుచుకునే ఉంది, శబ్దం రాలేదు. మొహం తడి గుడ్డతో తుడిచిన పలకలా అయింది. తరవాత సీటులో చొక్కా మాత్రమే ఉంది, అది కూడా ఎవరిదో. ఆడవాళ్ళు కేక పెట్టారు. ముత్యాలమ్మ గెడ వదిలి కూతురి కేసి చేతులు చాపింది.

"దిగిపోవే తల్లీ! అయిపోనాది, దూకీ!"

బుద్రి ఊపిరి వదిలింది. వదలగానే, పట్టుకున్నవాడు లేని ఆ బండి ఏటవాలు రోడ్డు మీద వెనక్కి దొర్లడం మొదలుపెట్టింది.

ఆమె దూకబోయింది కూడా. ఒక కాలు మెట్టు దించింది. అప్పుడే వెనక మలుపులోంచి డప్పులు వినబడ్డాయి. అసిరమ్మ ముందు, బాలింత బిడ్డతో, మేస్త్రీ, సుక్రు, రాయిపుట్టు ఆడవాళ్ళందరూ రోడ్డు నిండుగా ఆడుతూ పాడుతూ పైకి వస్తున్నారు. ముత్యాలమ్మ పిలిచిన పిలుపుకే వస్తున్నారు.

బుద్రి వెనక్కి తిరిగి చూసింది. ఇంకోసారి ఊపిరి బిగబట్టింది. బండి ఆగింది. అసిరమ్మ చూసి, "తప్పుకోండే! తప్పుకోండి!" అని ఆడవాళ్ళని గట్టుకి తోసింది. అందరూ తప్పుకున్నారు. సుక్రు మాత్రం తప్పుకోలేదు. రోడ్డు మధ్యన నిలబడి, కూతుర్ని చూసి, పకోడీ పొట్లం పైకెత్తి చూపిస్తున్నాడు. అతనికి ఇంకా అది ఆ సంత రోజే.

"ఒరే తమ్ముడూ, ఇటు రారా!" అని అసిరమ్మ అతని మీదకి ఉరికింది. చెయ్యి అందలేదు.

ముత్యాలమ్మ పరుగెడుతోంది. కూతురి బుగ్గలు పడిపోవడం ఆమెకి స్పష్టంగా కనబడింది. అంతకంటే ఊపిరి లేదు ఆ ఒంట్లో. బండి మళ్ళీ కదిలింది. బుద్రి మెట్టు మీద నుంచి లోపలికి వంగి, స్టీరింగు రెండు చేతులతోనూ పట్టి, తన బరువంతా వేసి లోయ పక్కకి తిప్పింది. వెనక చక్రాలు అంచు దాటాయి. ఆమె తల్లి కేసి చూసిందో, తండ్రి కేసి చూసిందో అక్కడున్న ఎవరూ సరిగా చెప్పలేకపోయారు. బండి సుక్రుని రాసుకున్నంత దగ్గరగా పోయి కిందకి వాలిపోయింది.

శబ్దం రాలేదు. పడిన మోత గాని, ఇనుము విరిగిన మోత గాని ఏమీ లేదు. అంచు దగ్గరకి పరుగెత్తి చూస్తే కింద పొదలు నలగలేదు, ఒక్క కొమ్మ విరగలేదు. ఎండలో కీచురాళ్ళు అరుస్తున్నాయి. సాయంత్రం వేటనించి వచ్చిన మగవాళ్ళు తాళ్ళు కట్టుకుని దిగారు. మర్నాడు జీపుల యూనియనువాళ్ళు దిగారు, పోలీసులు దిగారు. చెప్పుల జతైనా దొరకలేదు.

సుక్రు పొట్లం విప్పి చూపించాడు. పకోడీ ఇంకా వెచ్చగా ఉంది. "గుంట ఏదే? సల్లారిపోతాది," అన్నాడు. ముత్యాలమ్మ ఏం చెప్పిందో అతనికి అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. తను రోడ్డు మీదకి రమ్మని పిలిచిన సంగతి మాత్రం ఆమె చెప్పలేదు. అసిరమ్మకి తెలుసు. ఆమె ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు.

పండగ వెళ్ళాక ముత్యాలమ్మ పాడేరు వెళ్ళి గది ఖాళీ చేసింది. సంచి మంచం మీద అలాగే ఉంది, తాడు సగం చుట్టి. దాన్ని పూర్తిగా చుట్టి, ముడి వేసి, నెత్తిన పెట్టుకుని పనసపుట్టు నడిచింది. ఏ బండీ ఎక్కలేదు. తరవాత ప్రతి ఇటికెల పండక్కీ గెడ కొస ఆమెదే. వచ్చిన బండి గెడ ముందు ఆగాక, లోపల అందరి మొహాలూ చూసేదాకా పజోరు అడగదు.

ఆకుపచ్చ జీపు ఆ రోడ్డు మీద మళ్ళీ కనబడలేదు. హేమలత తిరిగి వచ్చింది, మేస్త్రీ వచ్చాడు, బాలింతా బిడ్డా వచ్చారు, సుక్రు వచ్చాడు. సుక్రు కూతురు బుద్రి తిరిగి రాలేదు. అది 2001వ సంవత్సరం, ఏప్రిల్ నెల, ఇటికెల పండగ మూడో రోజు మధ్యాహ్నం.